మోచేతి వేడి

హలో… ఆ, నేనే. పేజర్‌కి మెసేజ్ పెట్టించింది నేనేనండీ.

…లేదు, ఇంటినుంచి కాదు, ల్యాబునుంచే. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. ముందొకటి చెప్పండి — స్లాబుకి సెంట్రింగ్ విప్పడం మొదలుపెట్టారా?

…మొదలుపెట్టారా! ఎప్పుడు?

…అయ్యో. ఆపించండి.

…పరాచికం కాదండీ. "జాకీలు తియ్యొద్దు, వెంటనే ఫోన్ చెయ్యండి" అని పంపమంటే, ఆ పేజర్ ఆఫీసు అమ్మాయి "ఏ జాకీలు మేడమ్, కారువా?" అని రెండుసార్లు అడిగింది. స్లాబు కింద నిలబెట్టినవమ్మా, ఉన్నదున్నట్టు పంపు తల్లీ అన్నాను. ఇరవై నిమిషాలైంది.

…తెలుసు. మీ చేతిలో మా ల్యాబు రిపోర్టుంది. ఆ రిపోర్టు కింద సంతకం నాది. అందుకే చేస్తున్నాను.

…ఆ. రిపోర్టు తప్పు.

…లెక్క తప్పలేదు. మిషనూ బాగానే ఉంది. ఆ స్లాబు కాంక్రీటుతోనే మీరు పోసి పంపిన మూడు క్యూబులూ బలం పందొమ్మిది దాటాకే పగిలాయి. క్యూబులు గట్టివే. మీ స్లాబే గట్టిది కాదు.

…మీరలా అరిస్తే నేను చెప్పలేను. ముందు కిటికీలోంచి ఒక్క కేక వెయ్యండి, పని ఆపమని. తర్వాత నన్నెంతైనా తిట్టండి. వెయ్యండి.

…ఆగారా?… లేదు, సుత్తి చప్పుడు నాకింకా వినపడుతోంది.

…ఆ. ఇప్పుడాగింది.

వినండి. ఎల్లేశం వచ్చాడు, మీ సైటు వాచ్‌మన్. రెండో విడత క్యూబులు ఆటో ట్రాలీలో తెచ్చాడు. ఇక్కడే నా ఎదురుగా స్టూలు మీద ఉన్నాడు. దింపుతూ దింపుతూ అన్నాడు — "అమ్మా, మీరు జెప్పినట్టే జేస్తున్న. పొద్దుగాల రెండు బకీట్లు, మాపటికి రెండు బకీట్లు. ఒక్క దినం గూడ తప్పలే" అని. ఏం బకెట్లయ్యా అన్నాను. "ఉడుకునీళ్లమ్మా. క్యూబుల తొట్టిల" అన్నాడు.

…ఆ, వేడినీళ్లే. క్యూబులు నానబెట్టే తొట్టిలో. మీరు స్లాబు పోసిన మర్నాటి నుంచీ.

…ఎవరు పొయ్యమన్నారా? నేనే.

…నేనేనండీ. నవంబరు ఆఖర్న మీ సైటుకి శాంపిల్ చూడ్డానికొచ్చాను కదా. తొట్టిలో చెయ్యి పెడితే జివ్వుమంది. ఇరవై ఏడు డిగ్రీలు ఉండాల్సిన నీళ్లు, పదహారు కూడా లేవు. "ఈ చలికి ఇవి గట్టిపడవయ్యా ఎల్లేశం, కాస్త వేడినీళ్లు కలుపుతూ ఉండు" అన్నాను. అనేసి, మీ సైటాఫీసులో టీ తాగి వచ్చేశాను. ఎంత వేడో చెప్పలేదు. చేతిలో ఉన్న థర్మామీటరు అతనికివ్వలేదు. ల్యాబుకి ఉన్నవే రెండు కదా అని బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

…కొలత లేకేం, ఉంది. మోచెయ్యి. మనవరాలు బుజ్జికి నీళ్లు పోసేముందు వాళ్లావిడ కిష్టమ్మ మోచెయ్యి ముంచి చూస్తుందట. ఇతనూ అలాగే చూశాడు. "పసిపోరికి పట్టేంత వేడి ఉంటే సాలు గదమ్మా" అంటున్నాడు. పైగా తొట్టిని తీసుకెళ్లి లేబరు స్నానాల నీళ్లు కాగే పొయ్యి పక్కన పెట్టాడు, రాత్రి చల్లారకుండా. ఇందాక ఇక్కడ బకెట్లో అతని చేతే కలిపించాను. మోచెయ్యి పెట్టి "ఆ, గిదే" అన్నాడు. థర్మామీటరు పెట్టాను. నలభై రెండు.

…నలభై, రెండు.

…పది డిగ్రీలు పెరిగితే సిమెంటు ఎంత వేగంగా పనిచేస్తుంది? మీరే చెప్పండి.

…ఆ, దాదాపు రెట్టింపు. మరి మీ స్లాబు మీద రాత్రిపూట ఎంతుంటోంది? పేపర్లో చూశాను, పన్నెండు. ఒకే కాంక్రీటు మాలుతో పోసినవే రెండూ. క్యూబులు వేణ్ణీళ్లలో పడుకున్నాయి, స్లాబు చలిలో పడుకుంది. వాటికి ఏడు రోజుల్లో నెల వయసొచ్చింది. దీనికి తొమ్మిది రోజులైనా ఐదు రోజుల వయసు కూడా రాలేదు.

…పగలు ఎండ కాస్తోంది, నిజమే. కానీ మీద మడికట్లు కట్టి నీళ్లు నిలబెట్టారు కదా, ఎండంతా ఆ నీళ్లకే సరిపోతుంది.

…వచ్చింది. అనుమానం రాకేం. ఏడు రోజుల క్యూబుకి పదమూడో పద్నాలుగో రావాలి. పందొమ్మిది చూసి ఆశ్చర్యపోయాను.

…ఎందుకు అడగలేదంటే… చెప్తే నవ్వుతారు. మావారి సైటులో పని అంత బాగా జరుగుతోంది కాబోలు అనుకున్నాను. వేరే ఎవరి సైటయినా ఫోన్ చేసి అడిగేదాన్ని. మీదని గర్వపడి సంతకం పెట్టాను.



…రామ్మోహనరావుగారు నాలుగింటికి వస్తే రానివ్వండి. మీకాయన పెద్దాఫీసరు గానీ స్లాబుకి కాదు కదా. కంప్యూటర్ల కంపెనీ వాళ్లకి ఆ కింది ఫ్లోరు ఖాళీగా చూపిస్తానన్నారని, సిమెంటు ఆయన మాట వినదు. ఎన్ని వరసలు తీశారు?

…ఆరింటిలో నాలుగా! అంటే మెట్లవైపు రెండు వరసలే ఉన్నాయన్నమాట.

…మీరెందుకు, రాజయ్యని పిలవండి. ఆ రోజు మాలు దగ్గరున్నదీ, ఇవాళ సెంట్రింగ్ విప్పుతున్నదీ అతనేగా. నాకు రెండు మాటలడగాలి. మీరు చెప్తే నచ్చజెప్పినట్టు చెప్తారు, నాకు ఉన్నదున్నట్టు కావాలి.

…కోపం తర్వాత. ఫోన్ అతనికివ్వండి.

రాజయ్యా? నేను సారు వాళ్ల ఇంటావిణ్ణి. క్యూబులు పగలగొట్టేది నేనే.

…ఏమిటీ? "ఇంటికాడ సార్‌ను ఆపేది సాలదా, ఈడ పని గూడ ఆపుతరా" అంటావా! బాగుందయ్యా. ఇవాళొక్కరోజు ఆగండి, రేపట్నుంచి నా మాట వినకండి.

…వినిపించింది కదా, స్లాబు ఇంకా పచ్చిది.

…పైకి గట్టిగానే కనబడుతుంది. చలికాలం పెరుగు తోడుకుందో లేదో పైన మీగడ చూస్తే తెలుస్తుందా? గిన్నె కదిపితే తెలుస్తుంది. ఇక్కడ గిన్నె కదిపి చూస్తే మనుషులుంటారు కింద. అందుకని అడుగుతున్నాను. మెట్లవైపు చివర, స్లాబు మీద, ఈ మధ్య ఎక్కడైనా మేకు కొట్టారా?

…తాడు కట్టడానికి కొట్టారా. ఎప్పుడు? …పొద్దున్నా. దిగిందా?

…సులువుగా దిగిందా, కష్టపడి దిగిందా?

…"సబ్బుల దిగినట్టు దిగింది." మరి అప్పుడే సారుకి చెప్పొద్దూ?

…సరే, మేకు దిగడం మంచిదే అనుకున్నావు. ఇంకో చోట కొడితే? …వంగిపోయింది. అంటే ఆ చివరే పచ్చిగా ఉంది. ఆ చివర ఎప్పుడు పోశారు?

…అన్నిటికంటే ఆఖర్న. క్యూబులు ఏ మాలుతో నింపారు? …పొద్దున మొదటి మాలుతో. సరే. మాలు తొందరగా గట్టిపడకుండా ఒక మందు కలుపుతారే, నల్లగా ఉంటుంది — అదెంత పోశారు?

…బస్తాకి ఒక గలాసు. ఎండాకాలం కూడా అదే గలాసా? …అదే. రాజయ్యా, అది మే నెల ఎండకి చెప్పిన కొలత. చలికి మాలు తనంతట తనే నెమ్మదిగా ఉంటుంది, దానికి మళ్లీ మందా.

…నీ తప్పని అనట్లేదు. నీకెవరూ చెప్పి ఉండరు. డ్రమ్ము ఎప్పటిది?

…"గా ఎండకాలం నుంచి ఉన్నదే" అంటావా. పోసేముందు కర్ర పెట్టి కలియబెట్టారా?

…లేదా.

…మళ్లీ చెప్పు. పైనంతా నీళ్లలా ఉందా, అడుగున బెల్లప్పాకంలా ఉందా. ఆఖర్న మెట్లవైపుకి వచ్చేసరికి ఆ పాకమే ముంచి పోశారు. గలాసు అదే, కానీ అందులో మందు నాలుగింతలు.

…అవునయ్యా, అందుకే తోడుకోలేదు. నాలుగు వరసల జాకీలు తీసేశారు, బరువంతా ఆ పచ్చి మూల మీదికి వాలుతోంది. రాజయ్యా, నిదానంగా విను. ఇప్పుడు ఆ మూల కింద ఎవరైనా ఉన్నారా?

…ఎవరు?

…సరే. సరే. ఫోన్ బల్ల మీద పెట్టు, పెట్టెయ్యకు. పరుగెత్తు. వాళ్లని ముందు బయటికి తీసుకురా, తర్వాత మాట్లాడదాం. పో.

ఎల్లేశం, కూర్చో. ఏం కాలేదు. నువ్విప్పుడు బయల్దేరినా సనత్‌నగర్ నుంచి మాదాపూర్‌కి గంట పడుతుంది. కూర్చో.

కిష్టమ్మ అక్కడే వండుతోందట. బుజ్జి ఉయ్యాల్లో ఉందట. రాజయ్య వెళ్లాడు, పిలుచుకొస్తాడు.

నువ్వేం చెయ్యలేదు. నేను చెప్పిన పని నువ్వు చేశావు. అలా తల కొట్టుకోకు. ఇదిగో, నీళ్లు తాగు.

హలో… రాజయ్యా, చెప్పు.

…రానంటోందా! ఏం?

…అన్నం పొయ్యి మీదుందా. "ఉడికినంక వస్త" అంటోందా. ఆగు. ఎల్లేశం, రానంటోంది మీ ఆవిడ… రాజయ్యా, ఎల్లేశం చెప్పమంటున్నాడు, ఇతని మాటగానే చెప్పు — "బువ్వ మన్నుగొట్టుకపోనీ, పోరిని సంకనేసుకొని బయటికి నడువ్, లేకుంటే నేనొచ్చి నీ కత చెప్త" అంటున్నాడు. ఏడుస్తూ అంటున్నాడని కూడా చెప్పు. వెళ్లు.

…

…

హలో?… ఎవరు?… రాజయ్యా. వచ్చారా?

…ఇద్దరూ?… బుజ్జి కూడా?… గిన్నె కూడా తెచ్చుకుందా! సరే, తెచ్చుకోనీ. ఎల్లేశం, వచ్చేశారు. ఇద్దరూ బయటే ఉన్నారు. వేపచెట్టు దగ్గర నిలబడ్డారట. అవును, చూసే చెప్తున్నాడు.

రాజయ్యా, ఇక లోపలికి ఎవరూ వెళ్లొద్దు. జాకీలు మళ్లీ పెట్టాలి గానీ, ఉన్న రెండు వరసల వైపు నుంచి బయటికి జరుపుకుంటూ రావాలి, ఖాళీ వైపు నుంచి కాదు. సారుకి చెప్పు.

…సారెక్కడ?

…ఏమన్నావు? స్లాబు కిందికా?

…ఎందుకెళ్లనిచ్చావు! నువ్వుండీ… మీ వాళ్లంతా ఉండీ…

…వాళ్లెవరూ మేం వెళ్లం అన్నారా. భయం ఉండదా మరి, ఎవరికైనా. ఆయనొక్కరే ఉన్నారా?

…నువ్వూ వెళ్లకు. నువ్వు కిటికీ దగ్గర్నుంచి నాకు చెప్తూ ఉండు. ఏం చేస్తున్నారు?

…మొదటిది నిలబెట్టారా. కింద చెక్క పెట్టారా? …ఆ.

…రెండోది.

…ఎందుకాగారు?

…పైకి చూస్తున్నారా. ఎందుకు? ఏమైనా చప్పుడైందా?… రాజయ్యా, మాట్లాడు. ఏదైనా చెప్పు.

…మట్టి రాలిందా, సిమెంటా?

…వచ్చెయ్యమని చెప్పు. రెండు చాలు, వచ్చెయ్యమను. నేనన్నానని చెప్పు. రోహిణి రమ్మంటోందని గట్టిగా అరిచి చెప్పు.

…వినలేదా. ఎప్పుడు విన్నారులే.

…మూడు.

…ఎవరు? మన సెంట్రింగు వాళ్లేనా? ఇద్దరు వెళ్లారా లోపలికి? ఎవరూ పోమనలేదు కదా… వాళ్లే వెళ్లారా.

…నాలుగు. ఐదు.

…సరే. సరే… నువ్వు కూడా వెళ్తావా? వెళ్లు. ఫోన్ అలాగే ఉంచు. నేను వింటుంటాను.

…

లేదు ఎల్లేశం, ఏం వినపడట్లేదు. సుత్తి చప్పుడు. మళ్లీ సుత్తి. అంతే. సుత్తి వినపడుతున్నంతసేపూ మంచిదే.

…

…

హలో… ఆ. ఆ, నేనే. ఉన్నాను.

…మీరు మాట్లాడండి. ఏదైనా. ముందు ఊపిరి తీసుకోండి.

…మొత్తం పెట్టేశారా. నాలుగు వరసలూ.

…ఎంత దిగింది? …వేలెడంత. మెట్ల దగ్గర పగులు ఎంత? …వెంట్రుకంత. సరే, వేలెడంతే కదా. వేలెడంత దగ్గర ఆగింది.

…చేతికేమైంది? …జాకీ నలిపిందా. ఏ చెయ్యి? నీళ్లతో కడిగి గుడ్డ కట్టుకోండి. …ఏడవట్లేదు, జలుబు.

…లేదు. ఇప్పుడే చెప్పండి, సాయంత్రం ఇంటికొచ్చాక కాదు. ఏం చేద్దామంటారు?

…ఊఁ.

…ఊఁ. రిపోర్టు వెనక్కి తీసుకోవాలి, అది సరే.

…ఏమని రాయమంటారు?

…"సైటు వాచ్‌మన్ నిర్లక్ష్యం వల్ల శాంపిళ్లు చెడిపోయాయి." అలా రాయమంటారా.

…కొంచెం మెల్లగా అనండి. అతను నా ఎదురుగానే ఉన్నాడు.

…ఆ వాక్యం నేను రాస్తే రామ్మోహనరావుగారు నాలుగింటికి వచ్చి, నాలుగుంపావుకి ఎల్లేశాన్ని పొమ్మంటారు. కిష్టమ్మ మట్టి మోసే పనీ పోతుంది. బుజ్జిని ఎత్తుకుని ఏ సైటుకి పోతారు వాళ్లు? అప్పుడు మీరూ నేనూ మంచివాళ్లం.

…అబద్ధం కాదంటారా? వేడినీళ్లు పోసింది అతనే, నిజమే. అందులో సగం దాచి మిగతా సగం రాస్తే అది అబద్ధమే.

…ఉద్యోగం పోతే పోతుంది. మా ల్యాబు ఓనరు వెంకటరామయ్యగారు బ్యాంకుకెళ్లారు, వచ్చాక నేనే చెప్తాను. పద్దెనిమిదేళ్ల సర్వీసని ఆయన ఆలోచిస్తారో, ఆలోచించరో. అది ఆయనిష్టం.

…మన సంగతి కూడా బయటపడుతుంది. పడనీ. భర్త సైటు క్యూబులు భార్య పగలగొట్టి రిపోర్టిచ్చిందని ఎవరూ అడగలేదు కాబట్టి మనమూ చెప్పలేదు. అడగనిది చెప్పకపోవడం తప్పు కాదనుకున్నాం. ఇవాళ అదే తప్పయింది కదండీ. వేరేవాళ్లదైతే అడిగేదాన్ని అన్నానే.

…మీరు ఫోన్ రాజయ్యకి ఇచ్చినప్పట్నుంచే రాస్తున్నాను. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్తాను వినండి. "ఈ నెల పన్నెండున పోసిన రెండో అంతస్తు స్లాబు తాలూకు ఏడు రోజుల రిపోర్టును రద్దు చేస్తున్నాను. క్యూబులు ఉండవలసిన దానికంటే పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిలో నానాయి. వేడినీళ్లు కలపమని సైటు వాచ్‌మన్‌కు చెప్పింది నేను. ఎంత వేడి ఉండాలో చెప్పలేదు, థర్మామీటరు ఇవ్వలేదు. అంకె అసాధారణంగా ఉన్నా విచారించకుండా సంతకం చేశాను. ఆ సైటు ఇంజనీరు నరసింహమూర్తిగారు నా భర్త. స్లాబు లోపలి ముక్క కోసి పరీక్షించేవరకు సెంట్రింగ్ విప్పరాదు." అంతే. కింద నా పేరు.



…మందు డ్రమ్ము సంగతి ఇందులో లేదు. అది నాకు తెలిసింది రాజయ్య నోట. ఆ మాట ఎవరు రాయాలో మీకు తెలుసు. నేను రాయను. నా కాగితంలో నా తప్పే ఉంటుంది.

…నేను మిమ్మల్ని ఇరికించడమేమిటండీ. ఒక గంట క్రితం మీరు ఒక్కరే వెళ్లి దాని కింద నిలబడ్డారు. ఎవరు వెళ్లమన్నారు మిమ్మల్ని? నేనా? వద్దని అరిపించాను కదా. మీరే వెళ్లారు. ఇదీ అంతే.

…

…ఏమిటి?

…పన్నెండు కాదా?

…పద్నాలుగా. అవును, పన్నెండున అనుకుని వర్షానికి వాయిదా వేశారు కదా. సరే, దిద్దుతున్నాను. పద్నాలుగు. మరి ఇంకేమైనా తప్పుందా?

…రెండో అంతస్తు, బి బ్లాకు. రాశాను.

…ఫ్యాక్స్ చేస్తాను, ఇప్పుడే. రామ్మోహనరావుగారు వచ్చేసరికి మీ బల్ల మీద ఉండాలి. మీ ఫ్యాక్సూ ఫోనూ ఒకే లైను కదా. మీరు పెట్టేస్తేనే వస్తుంది.

…తెలుసు. వచ్చాక చించెయ్యడానికి లేదు, పంపిన టైము మా మిషన్‌లో అచ్చవుతుంది.

…రాత్రికా? వంకాయ ఉంది. ఏదో ఒకటి చేస్తాను. ఇప్పుడవెందుకు?

…ఉండమంటే ఉంటానండీ. కానీ ఎంతసేపని ఇలా పట్టుకుని ఉంటారు?

…

…నేను ముందు పెట్టను. మీరే పెట్టండి.

…

…ఊఁ.

…

ఎల్లేశం, పెట్టేశారు. ఆ కాగితం ఇటివ్వు.